కేజీ ఎంతకు కొంటారు?

"నీలి ఆర్థిక వ్యవస్థ", అంటే సముద్రం నుంచి రాబడి, అన్న మాట ఈ మధ్య మా జిల్లాలో ప్రతి మీటింగులోనూ వినబడుతోంది. మూలపేట పోర్టు పనులు మొదలయ్యాక మరీను. శ్రీకాకుళంలో ఒక కాలేజీ పెట్టిన అలాంటి మీటింగుకే వెళ్ళాను. వక్త బాగానే మాట్లాడారు. క్యాన్సర్ మందులు స్పంజికల (సముద్రం అడుగున రాళ్ళకు అంటుకుని బతికే మెత్తటి జీవులు) నుంచి వచ్చాయన్నారు, నొప్పి మందు నత్త విషం నుంచి వచ్చిందన్నారు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఉన్న మన తీరమంతా రేపటి మందుల గని అన్నారు. ప్రశ్నలు అడగమన్నప్పుడు వెనక వరసలోంచి ఒక మత్స్యకారుడు లేచాడు. "బాగుంది బావూ. అయితే ఏ పురుగు తెమ్మంటారు? కేజీ ఎంతకు కొంటారు?" అన్నాడు. హాలంతా గొల్లుమంది. వక్త కూడా నవ్వి, ముందు రీసెర్చ్ జరగాలి కదండీ అని దాటేశారు.

నాకు నవ్వు రాలేదు. తెచ్చిన సరుకు కాటా మీద పెడితేనే డబ్బు కళ్ళజూసిన మనిషి ఇంకెలా అడుగుతాడు? పైగా గని, నిధి అని గంటసేపు ఊరించింది వక్తే. అంత ఊరించాక రేటు అడిగితే తప్పయిందా? ఊళ్ళో కుర్రాళ్ళంతా వేరావల్ బోట్లలో పనికి గుజరాత్ పోతుంటే, ఇంటి ముందున్న సముద్రంలో కొత్త రాబడి ఉందంటే ఎవరైనా అడుగుతారు.

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పాల్సివస్తే ఇలా చెబుతాను. మందు కోసం మీ దగ్గర ఎవరూ కేజీల లెక్కన కొనరు. కొంటామని ఎవరైనా వస్తే అప్పుడు జాగ్రత్తపడండి. మీరు అడగాల్సింది వాటా. అది కూడా మొదటి నమూనా తీసుకెళ్ళిన రోజే అడగాలి. ఆ రోజు దాటితే అడగడానికి ఏమీ మిగలదు. ఎందుకో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

మందు దొరికాక సముద్రంతో పనేముంది

1986లో జపాన్ శాస్త్రజ్ఞులు హిరాటా, ఉఎమురా ఒక నల్లటి సముద్రపు స్పంజిక మీద పనిచేశారు. 600 కేజీల స్పంజిక తీస్తే చివరికి వాళ్ళ చేతికొచ్చిన హాలికాండ్రిన్ బి అనే పదార్థం 12.5 మిల్లీగ్రాములు. ఉప్పు చిటికెడు కూడా కాదు. క్యాన్సర్ కణాల మీద అది అద్భుతంగా పనిచేసింది, కానీ ఆ లెక్కన మందు చేయాలంటే జపాన్ చుట్టూ ఉన్న స్పంజికలన్నీ పెరికినా సరిపోవు. 1992లో హార్వర్డ్‌లో కిషి బృందం ఆ అణువును ప్రయోగశాలలో కట్టి చూపించింది. తర్వాత, పనికొచ్చే సగం భాగం చాలని తేలింది. మన పరవాడలో కూడా ఫ్యాక్టరీ ఉన్న ఎయిసాయ్ కంపెనీ ఆ సగాన్ని అరవైకి పైగా మెట్లలో రసాయనాలతో తయారుచేసి, ఎరిబులిన్ పేరుతో 2010లో అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. రొమ్ము క్యాన్సర్ ముదిరినవాళ్ళకు ఇప్పుడు వాడుతున్నారు. అందులో స్పంజిక ముక్క ఒక్కటి కూడా లేదు.

ట్రాబెక్టెడిన్ కథా ఇంతే. కరీబియన్ సముద్రంలో మడచెట్ల వేళ్ళకు గుత్తులుగా పెరిగే సీ స్క్వర్ట్ అనే జీవి నుంచి అది వచ్చింది. గ్రాము మందుకు సుమారు టన్ను జీవులు కావాలి. చివరికి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాను ట్యాంకుల్లో పెంచి, అదిచ్చే పదార్థంతో మొదలుపెట్టి, మిగతా పని రసాయనంగా పూర్తి చేసే దారి కనుక్కున్నారు. 2007లో యూరప్ అనుమతించింది. నొప్పి మందు జికోనొటైడ్‌దీ అదే దారి. కోనస్ అనే విషపు నత్త మీద ఫిలిప్పీన్స్‌లో పుట్టిన ఒలివెరా బృందం చేసిన పరిశోధన నుంచి పుట్టి, 2004లో అమెరికాలో అనుమతి పొందింది. అది పాతిక అమైనో ఆమ్లాల గొలుసు, యంత్రం మీద అల్లేస్తారు. ఇంకా వెనక్కి పోతే సైటరబిన్ ఉంది. రక్త క్యాన్సర్ వార్డుల్లో రోజూ ఎక్కించే మందు. 1950ల్లో ఒక కరీబియన్ స్పంజికలో దొరికిన విచిత్రమైన చక్కెరను చూసి రసాయన శాస్త్రజ్ఞులకు ఆలోచన తట్టింది. 1969లో మందుగా వచ్చింది. అంతే, ఆ తర్వాత ఆ స్పంజికను పలకరించిన కంపెనీ లేదు.

వరస చూశారుగా. సముద్రం దగ్గర నేర్చుకునేది ఆ పదార్థం అణువు రూపం. అది తెలిశాక సరుకుతో పనిలేదు. సముద్రానికి ఇది మంచిదే. టన్ను జీవికి గ్రాము మందు లెక్కన సాగితే మిగిలేది ఖాళీ సముద్రం. కానీ తీరం మనిషికి ఇందులో రావలసిన కూలి ఎక్కడుంది? ఒకసారి నమూనా తెచ్చిపెట్టినందుకు బోటు బాడుగ, డీజిలు ఖర్చు. అంతే.

ఇది మనకు కొత్త అనుభవం కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వే నుంచి కాడ్ లివర్ ఆయిల్ ఆగిపోతే, మద్రాసు రాష్ట్రంలో సొర కాలేయం నూనె పరిశ్రమ పుట్టింది. అప్పుడు మనదీ మద్రాసు రాష్ట్రమే. విటమిన్ ఎ కోసం సొరచేపలకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. యుద్ధం అయిపోయి, ఫ్యాక్టరీలో విటమిన్ ఎ చౌకగా తయారుచేయడం మొదలయ్యాక ఆ గిరాకీ పోయింది. సొర ఇప్పుడు మళ్ళీ బాలింతల పళ్ళెంలోకే వచ్చింది. పాలసొర పిట్టు పెడితే పాలు పడతాయని మా అమ్మ నమ్మకం. దాన్ని ఎవరూ పరీక్షించి తేల్చలేదు గానీ, పిట్టు మాత్రం భలే ఉంటుంది.

ఆ నీలి రక్తం

కేజీల లెక్కన కాకపోయినా, ఇంతకు ఒకటి అని లెక్కపెట్టి జీవినే కొనే సందర్భం లేకపోలేదు. అది నా చేతుల మీదుగా నడిచిందే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

నేను మైక్రోబయాలజీ చదివి, మా జిల్లాలోనే ఒక ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబులో చాలాకాలం పనిచేశాను. ఇంజెక్షన్‌లో బ్యాక్టీరియా లేకపోతే చాలదు. చచ్చిన బ్యాక్టీరియా పెంకు ముక్కలు కూడా ఉండకూడదు. వాటినే ఎండోటాక్సిన్ అంటారు. మరగబెట్టినా అవి పోవు. రక్తంలోకి వెళ్తే చలిజ్వరం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. వాటిని పట్టుకునే పరీక్షను ఎల్.ఏ.ఎల్. అంటారు. వేలెడంత గాజు ట్యూబు తీసుకుంటాం. దాన్ని ముందే 250 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి పాత జాడలన్నీ మాడ్చేస్తాం. అందులో 0.1 మిల్లీలీటరు శాంపిల్, 0.1 మిల్లీలీటరు లైసేట్ అనే ద్రవం వేసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు కదలకుండా ఉంచుతాం. ఆ గంటలో బల్లకి మోచెయ్యి తగిలినా మా మేడం ఊరుకునేవారు కాదు. గంటయ్యాక ట్యూబును మెల్లగా తలకిందులు చేయాలి. లోపలిది జారిందా, బ్యాచ్ బతికింది. పెరుగు తోడుకున్నట్టు గడ్డకట్టి అడుగునే ఉండిపోయిందా, ఇక ఆ రోజు ఎవరికీ భోజనం దిగదు.

ఆ లైసేట్ గుర్రపునాడా పీత రక్తం నుంచి తీస్తారు. దాని రక్తంలో ఇనుముకు బదులు రాగి ఉంటుంది, అందుకే నీలంగా ఉంటుంది. బ్యాక్టీరియా తగిలిన చోట ఆ రక్తం వెంటనే గడ్డకడుతుంది. పీత తన ప్రాణం కాపాడుకునే పద్ధతిని మనం పరీక్షగా మార్చుకున్నాం. 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని ఒప్పుకుంది. అంతకుముందు కుందేళ్ళకు ఇంజెక్షన్ చేసి, జ్వరం వస్తుందేమోనని చూసేవాళ్ళు. అమెరికా తూర్పు తీరంలో ఈ పీతలను పట్టుకొచ్చి, కొంత రక్తం తీసి, మళ్ళీ సముద్రంలో వదులుతారు. వదిలినవాటిలో నూటికి పదిహేను నుంచి ముప్పై దాకా చచ్చిపోతాయని అంచనా. మన పక్కనే ఒడిశాలో, బాలేశ్వర్ తీరంలో ఇలాంటి పీతలున్నాయి.

మా మేనమామది ఉద్దానం. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద ఉన్నాడు. ఉద్దానంలో ఆ మాట వివరించక్కర్లేదు. ఒక్కసారి డయాలసిస్‌కు సుమారు 120 లీటర్ల నీళ్ళు, పల్చటి పొరకు అవతల ఆయన రక్తాన్ని ఆనుకుని పారతాయి. ఆ నీళ్ళలో ఎండోటాక్సిన్ ఎంతుందో చూసేదీ ఇలాంటి పరీక్షతోనే. కాబట్టి జీవుల నుంచి మందులేమిటి, వద్దు అనే ఆదర్శం నా నోట రాదు. ఆ పీతకు మా కుటుంబం బాకీ ఉంది.

కానీ ఇక్కడ కూడా కథ అటే నడుస్తోంది. సింగపూర్ శాస్త్రజ్ఞులు ఆ పీత జన్యువును తీసి, రక్తం అక్కర్లేకుండా ల్యాబులో తయారయ్యే ఫ్యాక్టర్ సి అనే, ఎండోటాక్సిన్‌ను పసిగట్టే ప్రోటీన్ చేశారు. యూరప్ ఔషధ ప్రమాణాల్లో 2021లో దానికి చోటు దొరికింది. అమెరికా ఔషధ ప్రమాణాల పుస్తకం ఫార్మకోపియాలో 2025లో అలాంటి అధ్యాయమే అమల్లోకి వచ్చింది. పీతలు పట్టి బతికే అమెరికా మత్స్యకారుడికీ రేపు ఆ గిరాకీ ఉంటుందన్న భరోసా లేదు. ఉన్నన్నాళ్ళూ నష్టం సముద్రానిది, పోయిన రోజు నష్టం అతనిది.

ఇక మందు పేరు చెప్పి కేజీల లెక్కన కొనేవాళ్ళు మన దేశంలో లేరా అంటే ఉన్నారు. సముద్ర దోసకాయలు, గుర్రపు చేపలు అలాగే తమిళనాడు తీరం నుంచి దొంగదారిన పోతుంటాయి. 2001 నుంచి వాటికి పులితో సమానంగా చట్టం రక్షణ ఉంది. పట్టుబడినప్పుడు జైలుకెళ్ళేది ఎక్కువగా బోటు మీదున్నవాడే. జాగ్రత్తపడండి అని మొదట్లో అన్నది ఇందుకే.

వల వాటా

అయితే వాటా ఎలా? వేట నుంచి వచ్చాక మన ఊళ్ళలో పంపకం ఎలా ఉంటుందో తెలిసిందే. ఎక్కిన మనుషులకు వాటాలుంటాయి. నావకో వాటా, వలకో వాటా, ఇంజనుంటే దానికీ ఒకటి. వల తెడ్డు వెయ్యదు, చేప మొయ్యదు. అయినా దాని వాటా దానికి తీస్తారు, ఎందుకంటే అది లేకపోతే వేటే లేదు. మందు విషయంలో తీరానిదీ అదే స్థానం. ఫ్యాక్టరీలో కష్టం తీరానిది కాదు, కానీ ఆ జీవి బతికున్న నీళ్ళు లేకపోతే ఆ ఫ్యాక్టరీకి పనే లేదు.

చట్టంలో ఇది లేక కాదు. 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, చెన్నైలో జాతీయ ప్రాధికార సంస్థ ఉంది. ఇక్కడి జీవి మీద పేటెంటు కావాలన్నా, ఆ పేటెంటుతో సరుకు అమ్ముకోవాలన్నా ఆ గడప తొక్కాలి. 2014 మార్గదర్శకాల్లో అమ్మకాల మీద వాటా 0.1 నుంచి 0.5 శాతం దాకా ఉండేది. మన రాష్ట్రంలోనే ఎర్రచందనం పెంచిన రైతులకు ఈ దారిలో డబ్బు అందింది. మరి సముద్రం మాటకొచ్చేసరికి చిక్కేమిటంటే, చెట్టుకు పొలం ఉంటుంది, పొలానికి పాసుపుస్తకం ఉంటుంది. స్పంజికకు ఏముంది? జీవవైవిధ్య కమిటీ పంచాయతీది, పంచాయతీ మనుషుల ధ్యాస ఒడ్డున ఇసుక దగ్గరే ఆగిపోతుంది. అవతల 12 నాటికల్ మైళ్ళ దాకా చేపల వేట మీద అజమాయిషీ రాష్ట్రానిది, ఆపైన కేంద్రానిది. ఈ వరసలో భావనపాడు ఊరు ఎక్కడొస్తుంది?

ఈ వాదన విని నా మిత్రుడొకడు మండిపడ్డాడు. విశాఖలో సముద్రపు అడుగు మట్టిలోని ఆక్టినోమైసీట్లు అనే బ్యాక్టీరియా మీద పీహెచ్‌డీ చేశాడు. "చెంచాడు మట్టి, నీకు తెలుసు కదా. వేల నమూనాల్లో ఒక్కటి కూడా మందు కాదు. పుట్టని దూడకి పాలు లెక్కపెట్టి నన్ను అడిగితే నేనెక్కడినుంచి తేను? మీ కాగితాలకు భయపడి అంతా ఈ పనే మానేస్తారు" అన్నాడు. అతని మాటలో నిజముంది. హాలికాండ్రిన్‌కు 1986 నుంచి 2010 దాకా పట్టింది. అంత ఓపిక, అంత డబ్బు మన యూనివర్సిటీ ల్యాబుల్లో ఎక్కడివి? అనుమతి కోసం తిరిగేలోపే ఫెలోషిప్ అయిపోతుంది.

కాకపోతే నేను అడుగుతున్నది ముందు డబ్బు కాదు. వేట పడని రోజు వలకూ వాటా ఉండదు, నావకూ ఉండదు. పడిన రోజు ఉంటుందన్న మాట మాత్రం ఒడ్డునే అనుకుంటారు. చెంచాడు మట్టి తీసేటప్పుడు ఏ ఊరి ముందు నీళ్ళలో తీశారో, ఎవరి బోటులో వెళ్ళారో, ఎవరు చోటు చూపించారో రాయమంటున్నాను. పరిశోధన పత్రాల్లో అక్షాంశం, రేఖాంశం రాస్తారు. ఊరి పేరు రాయడానికి ఇంకో లైను చాలు. "అది రాస్తాలే" అన్నాడు మిత్రుడు. అరశాతం గురించి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పెంకులు, పైపులు

మరి సరుకు అమ్ముకుని బాగుపడే దారే లేదా? ఉంది, అయితే అందులో అద్భుతమేమీ లేదు, రొయ్య పెంకులే. పూసపాటిరేగ నుంచి సంతబొమ్మాళి దాకా వెనామీ చెరువులున్నాయి. రొయ్య బరువులో దాదాపు సగం తల, పెంకుల కిందే పోతుంది. ఆ పెంకులోని కైటిన్ నుంచి కైటోసాన్ చేస్తారు. దానితో చేసిన కట్టు వేస్తే కారే రక్తం త్వరగా ఆగుతుంది, అమెరికా సైన్యం ఇరాక్, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధాల్లో వాడింది. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపుల్లో అమ్మే గ్లూకోసమైన్ ఎక్కువగా ఈ పెంకుల నుంచే వస్తుంది. అదెంత పనిచేస్తుందంటే, 2006లో వచ్చిన పెద్ద అధ్యయనంలో మొత్తం మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగేమీ కాదని తేలింది. అయినా మా అమ్మ మానదు.

పెంకుల వ్యాపారం పెడితే బాగుండునని నేనూ కొన్నాళ్ళు ఉబలాటపడ్డాను. లోతుగా చూస్తే చిక్కులు కనిపించాయి. పెంకును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానబెట్టాలి, తర్వాత కాస్టిక్ సోడాలో ఉడికించాలి, ఆ నీళ్ళన్నీ ఎక్కడికో పోవాలి. అంటే సముద్రపు మందు కోసం మళ్ళీ సముద్రంలోకే పైపు. పైడిభీమవరం చుట్టుపక్కల మందుల పరిశ్రమల పైపులైన్ల గురించి తీరం ఊళ్ళ గొడవ ఏళ్ళుగా వింటున్నదే. శుద్ధి చేశాకే వదులుతున్నాం అని వాళ్ళంటారు, వల వేస్తే వాసనొస్తోంది అని వీళ్ళంటారు. నేను ఆ పరిశ్రమ ఉప్పు తిన్నవాణ్ని. మందుల ఫ్యాక్టరీలు మూసేయాలని అనలేను, అనను కూడా. కానీ ఒక చేత్తో ఈ నీళ్ళలో మందులున్నాయని మైకు పట్టుకుని, ఇంకో చేత్తో పైపు వేస్తుంటే, ఆ మీటింగులో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. స్పంజికలు కదల్లేవు. చేప పక్కకు పోతుంది, అవి ఉన్నచోటే నీళ్ళు వడగట్టుకుని బతుకుతాయి. పైపులోంచి వచ్చింది ఏదైనా ముందు వాటి ఒంట్లోకే. మనం మందు వెతుకుదామనుకుంటున్నది సరిగ్గా అలాంటి జీవుల్లోనే.

కాబట్టి పెంకుల పని పెడితే నీళ్ళ ఖర్చు కూడా లెక్కలో వేసి పెట్టాలి. ఆ ఖర్చు వేశాక లాభం మిగులుతుందో లేదో లెక్కలు వచ్చినవాళ్ళు చూడాలి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళకు కేజీకింతని ఇచ్చే కూలి మాత్రం కచ్చితంగా పెరగాలి, దానికి కైటోసాన్ కోసం ఆగక్కర్లేదు.

పోయిన వేట నిషేధం రోజుల్లో, బోట్లన్నీ ఒడ్డున ఉన్నప్పుడు, కళింగపట్నం దగ్గర మా చిన్నతాత ఇంటికి వెళ్ళాను. ఊరి జీవవైవిధ్య రిజిస్టరు ఉంటే చూద్దామని అంతకుముందే పంచాయతీలో అడిగాను. చెట్లున్నాయి, పశువులున్నాయి, వరి రకాలున్నాయి, సముద్రం గురించి మాత్రం ఒక్క పేజీ కూడా లేదు. పోనీ మనమే రాద్దామని నోటుబుక్కు తీశాను. చిన్నతాత ఉత్సాహంగా చెప్పుకుంటూ పోయాడు. అడుగు వలలో పడి చేతులు దురద పెట్టించే మెత్తటి స్పంజిక, రాయిలా కనిపించి కుట్టే చేప, రాత్రిపూట తెడ్డు తగిలితే నీళ్ళు మెరిసే నెలలు. అన్నీ రాసుకున్నాను. "ఆ స్పంజిక ఎక్కువగా ఎక్కడ పడతాది తాతా?" అన్నాను. నీళ్ళకింద రాళ్ళున్న చోటు ఒకటుందట. లైట్‌హౌసునీ, దూరంగా ఉన్న ఒక కొండనీ వరసలో పెట్టి చూసుకుంటే దొరుకుతుందట. ఏ కొండ అన్నాను.

"అదెందుకు రా నీకు? అక్కడ కోనాం చేప కూడా పడతాది. కాయితం మీద రాసీసి పంచాయతీలో ఎట్టీస్తే రేపొద్దున్న ట్రాలర్లన్నీ అక్కడే ఉంటాయి" అన్నాడు.

రిజిస్టరు ఎవరైనా చూడగలిగేదైతే ఆయన భయం సరైనదే. జ్ఞానాన్ని నమోదు చేస్తేనే వాటా అడగగలం, నమోదు చేస్తే అది అందరిదీ అయిపోతుంది. దీనికి నా దగ్గర పక్కా జవాబు లేదు. చోటు వివరాలు ఊరి కమిటీ దగ్గర సీలు వేసి ఉంచి, ఒప్పందం అయ్యాకే ఇచ్చే పద్ధతి పెట్టొచ్చేమో. అప్పటిదాకా జీవి పేరు, చెప్పిన మనిషి పేరు, తారీఖు రాస్తున్నాను. చోటు అన్న గడి ఖాళీగా వదిలేస్తున్నాను.